ఏడో క్రాస్

హెబ్బాళ ఫ్లైఓవర్ పక్కన పొద్దున ఐదున్నరకి
ముద్దురంగప్ప గుడ్ల ట్రేలు దించుతాడు.
"పొదిగే గుడ్లు మేడమ్, ఆమ్లెట్‌వి కావు,
కుదపకుండా తీసకపోండి" అంటాడు ప్రతి సోమవారమూ,
పదకొండేళ్లుగా నేనేదో కుదుపుతున్నట్టు.

ముప్పై ఎనిమిది డిగ్రీల వెచ్చదనంలో ఒకటిన్నర రోజు.
తర్వాత పెంకుకి చిన్న కిటికీ కోస్తాను.
పచ్చసొన మీద గోరంత తెల్లటి గీత,
గీతకి అటూ ఇటూ జతలు జతలుగా దిమ్మలు,
కొత్తగా రాళ్లు పాతిన లేఔట్‌లాగా.
ఇళ్లు ఇంకా లేవు.
నంబర్లు పడుతున్నాయి.

తోక వైపు నుంచి ఒక మాట వస్తూ ఉంటుంది:
ఆగు, ఇంకా పెరుగు, తొందరపడి ఏదీ అయిపోకు.
దాని పేరు మేము మూడక్షరాల్లో రాస్తాం, ఎఫ్ జి ఎఫ్.
తల వైపు, అప్పటికే కుదురుకున్న దిమ్మల్లోంచి
ఎదురుమాట:
చాల్లే, ఇక్కడే ఉండిపో, ఏదో ఒకటి అవు.
అది రెటినోయిక్ ఆమ్లం.
మునగాకు తింటే ఒంట్లో తయారయ్యే ఎ విటమిన్‌కి
మనవరాలి వరస.

ఈ రెండు మాటల లాగుడులోనే
హాక్స్ జన్యువులు తలుపులు తీస్తాయి,
దారం మీద ఏ వరసలో కూర్చున్నాయో ఆ వరసలోనే.
మెడవి ముందు, నడుమువి తర్వాత, తోకవి అన్నిటికన్నా ఆఖరున.
ముందు తలుపులకి ఆమ్లం తాళంచెవి,
వెనక తలుపులకి ఆ మూడక్షరాలు.
ఎవరూ ఎవర్నీ తోసుకోరు.
మెజెస్టిక్‌లో ఇరవై నిమిషాలు నిలబడ్డవాళ్లకి
ఇదెంత వింతో చెప్పక్కర్లేదు.

వైజయంతి ఒకసారి ఆవగింజకన్నా చిన్న పూసని
ఎఫ్ జి ఎఫ్‌లో నానబెట్టి పిండం పక్కలో గుచ్చింది.
పదో రోజుకి రెక్కకీ కాలికీ మధ్య
ఇంకొకటి మొలిచింది,
మోచేతితో సహా, బుద్ధిగా మడుచుకుని.
దానికి తెలీదు తను అదనమని.
ఆ రోజు ఎవరమూ క్యాంటీన్‌కి పోలేదు.

ఆమ్లం మాత్రం పసుప్పచ్చటి పొడి.
వెలుగు తగిలితే పాడైపోతుంది.
లైట్లార్పి, సీసాకి రేకు చుట్టి,
ఊపిరి కూడా ఆచితూచి తీసుకుంటూ తూస్తాం.
చుక్క ఎక్కువైతే మెడ తనను వీపనుకుంటుంది.

నవ్వుతూ చెప్పేదాన్ని ఈ మాట, కొత్తగా చేరిన పిల్లలకి.

పోయిన ఆషాఢంలో
ఎడమచేతి చిటికెనవేలూ ఉంగరం వేలూ మొద్దుబారాయి.
ట్రే ఎత్తితే జారింది. ఆరు గుడ్లు.
జయనగర్‌లో డాక్టరు ఎక్స్‌రేని కిటికీకి ఎత్తి పట్టుకుని
"మెడలో మీకో పక్కటెముక ఉందే!" అన్నాడు,
అద్దె కట్టని మనిషెవరో దొరికినట్టు.
ఏడో పూస తనను ఎనిమిదో పూస అనుకుంది.
అనుకుని, చేతనైనంత ఎముకని
పక్కకి చాచింది.

ఎవరి మాట ఆలస్యమైందో, ఎవరిది ముందే వినబడిందో!
ఆ వారం మా అమ్మ యశ్వంతపురంలో
వెయ్యికింతని అగరొత్తులు చుడుతూ ఉంది.
నేనున్నట్టు ఆమెకింకా తెలీదు.
నాకు నంబర్లు పడిపోతున్నాయి.

మత్తికెరెలో మా సందుకి బోర్డు మీద
ఏడో ఎ క్రాస్ అని ఉంటుంది.
కొరియర్ కుర్రాళ్లు ఏడులో ఒకసారి, ఎనిమిదిలో ఒకసారి తిరిగి
ఫోన్ చేసి నన్నే తిడతారు.
"ఎవరు సార్ పెట్టింది ఈ నంబరు?"
ఒక్కడైనా అడ్రసు తప్పనలేదు,
అనలేరు, నేనక్కడే ఉన్నాను కదా.

ఆపరేషన్ సంగతి ఆలోచించి చెప్తానన్నాను.

ఇవాళ పన్నెండో గుడ్డు.
దిమ్మలు లెక్కపెట్టాను, పది జతలు, పదకొండోది సగం.
పూస పెట్టలేదు. దీన్ని వదిలేద్దామనిపించింది.
కిటికీ మీద టేప్ అంటించాను.
ఎడమచేతికి గుడ్డు వెచ్చదనం తెలియడం లేదు.
కుడిచేతికి మార్చుకుని
కాసేపు అలాగే పట్టుకున్నాను.